రాడార్‌కి దారివ్వాల్సిన వైఫై: డెల్టాలో చానెళ్ల సంగతి

(భీమవరంలో ఇంటర్నెట్ లింకులు, సీసీ కెమెరాలు బిగించేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం. చివర్లో సభ నుంచి వచ్చిన కొన్ని ప్రశ్నలు, జవాబులు కూడా ఉన్నాయి.)

అందరికీ నమస్కారమండి.

పిలిచినప్పుడే నిర్వాహకులు ఒక మాట అన్నారు: "సార్, మావాళ్లకి థియరీ వద్దు, లింకు ఎందుకు పడిపోతోందో చెప్పండి చాలు" అని. అక్కడి నుంచే మొదలుపెడతాను. లింకు పడిపోవడానికి మనం సరిగ్గా పట్టించుకోని కారణం ఒకటుంది. అది రాడార్. వైఫై ఇచ్చే డబ్బా, అదే యాక్సెస్ పాయింట్, తనకి రాడార్ వినపడిందని తన చిట్టాలో, అంటే లాగ్‌లో, రాసి మరీ చానెల్ వదిలేస్తుంది. మనమేమో కేబుల్ మారుస్తాం, అడాప్టర్ మారుస్తాం, డిష్ అటూ ఇటూ తిప్పుతాం, ఆఖరికి కంపెనీని తిట్టుకుంటాం. లాగ్ తెరిచి చూసేవాళ్లు తక్కువ. ఇవాళ నేను మాట్లాడేదంతా లాగ్‌లోని ఆ ఒక్క లైను గురించే.

మన పని ఇప్పుడు ఎక్కువగా 5 గిగాహెర్ట్జ్‌లోనే నడుస్తోంది. 2.4 గిగాహెర్ట్జ్‌లో ఒకదాని మీద ఒకటి పడని చానెళ్లు మూడే: 1, 6, 11. ఊళ్లో ఏ అపార్ట్‌మెంట్ మేడ ఎక్కి స్కాన్ చేసినా ఆ మూడూ కిక్కిరిసి కనపడతాయి. అందుకని చెరువుగట్టు మీద కెమెరా అయినా, రైస్ మిల్లు ఆఫీసు అయినా, కాలేజీ హాస్టల్ అయినా 5లోనే పెడుతున్నాం. మన దేశంలో 2018 అక్టోబరులో కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్‌తో 5150 నుంచి 5350 దాకా, మళ్లీ 5470 నుంచి 5875 మెగాహెర్ట్జ్ దాకా లైసెన్సు లేకుండా వాడుకునే వీలు వచ్చింది. మొత్తం 605 మెగాహెర్ట్జ్. పెద్ద సదుపాయమే. కానీ లైసెన్సు అక్కర్లేదన్నారు గాని, ఆ చోటు మనదే అని ఎవరూ అనలేదు. ఇంకొకరికి అడ్డు రాకూడదు, మనకి ఎవరైనా అడ్డొస్తే ఫిర్యాదు చేసే హక్కు లేదు, అందరితో పంచుకోవాలి. ఈ షరతుల మీదే మనకి ఆ పట్టీ ఇచ్చారు.

అందులో 5250 నుంచి 5350, 5470 నుంచి 5725 ముక్కల్లో రాడార్లు మనకంటే ముందు నుంచే ఉన్నాయి. వాతావరణ రాడార్లు, రక్షణ శాఖ రాడార్లు, రాకెట్ల గమనాన్ని వెంటాడే రాడార్లు. 2003లో జెనీవాలో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు వైఫైకి అక్కడ చోటిస్తూ, రాడార్ వినపడితే తప్పుకోవాలని షరతు పెట్టింది. ఆ షరతుని పరికరం తనంతట తానే పాటించే పద్ధతే డీఎఫ్ఎస్, డైనమిక్ ఫ్రీక్వెన్సీ సెలెక్షన్. అదే ఏడాది వచ్చిన 802.11హెచ్ అనే వైఫై ప్రమాణంలో దీన్ని చేర్చారు. ఇరుకు కాలవగట్టు రోడ్డు మీద అంబులెన్స్ వస్తే ధాన్యం ట్రాక్టరు పక్కకి దిగి దారిస్తుంది చూడండి, ఇదీ అంతే. ట్రాక్టరుకి ఆ రోడ్డు మీద వెళ్లే హక్కు ఉంది. అంబులెన్స్‌ని ఆపే హక్కు మాత్రం లేదు.

ఇప్పుడు పరికరం లోపల ఏం జరుగుతుందో చూద్దాం. నేను చెప్పే అంకెలు అమెరికా, యూరప్ నిబంధనల్లోవి. మన చేతికొచ్చే పరికరాలు చాలావరకు వీటి ప్రకారమే తయారవుతాయి.

డీఎఫ్ఎస్ చానెల్‌లో యాక్సెస్ పాయింట్ ఆన్ అవగానే ప్రసారం మొదలుపెట్టదు. 60 సెకన్లు నోరు మూసుకుని వింటుంది. దీన్ని సీఏసీ అంటారు, చానెల్ అవైలబిలిటీ చెక్. ఆ నిమిషంలో రాడార్ పల్స్‌లాంటిది ఏదీ వినపడకపోతేనే బీకన్, అంటే "నేనిక్కడున్నాను" అని చెప్పే సంకేతం, పంపడం మొదలవుతుంది. తర్వాత పనిచేస్తున్నంతసేపూ ఒక చెవి అటే ఉంటుంది. మైనస్ 62 డీబీఎం (సిగ్నల్ బలం కొలత ఇది, సున్నాకి దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ), పవర్ ఎక్కువున్న పరికరాలకైతే మైనస్ 64, ఆ స్థాయిలో రాడార్ తగిలిందంటే 10 సెకన్లలోపు చానెల్ ఖాళీ చెయ్యాలి. పోతూ పోతూ తనకి కనెక్ట్ అయిన ఫోన్లకి, లింకు అవతలి చివరి రేడియోలకి "ఫలానా చానెల్‌కి వెళ్తున్నాను, మీరూ రండి" అని ఒక ప్రకటన పంపుతుంది. ఆ తర్వాత 30 నిమిషాలు ఆ చానెల్ వైపు తొంగి చూడకూడదు.

ఇందులో ఒక మినహాయింపు ఉంది, దాన్ని బాగా గుర్తుపెట్టుకోండి. 5600 నుంచి 5650 మెగాహెర్ట్జ్ మధ్య, అంటే 120, 124, 128 చానెళ్లలో, యూరప్ నిబంధన ప్రకారం వినాల్సింది ఒక నిమిషం కాదు, 10 నిమిషాలు. అది వాతావరణ రాడార్ల చోటు. వాతావరణ రాడార్ ముందు కింది కోణంలో ఒక చుట్టు తిరుగుతుంది, తర్వాత కొంచెం పైకెత్తి ఇంకో చుట్టు, ఇలా మెట్టు మెట్టుగా ఆకాశమంతా జల్లెడ పట్టి మళ్లీ కింది కోణానికి రావడానికి నిమిషాలు పడుతుంది. ఒక్కో పల్స్ మైక్రోసెకన్లలో ముగిసిపోతుంది. దాని కిరణం మన పోల్ మీదుగా వెళ్లేది లిప్తపాటు. ఒక్క నిమిషం విని "ఇక్కడెవరూ లేరు" అనుకుంటే, అది ఆకాశం వైపు చూస్తున్న నిమిషమే కావచ్చు. అందుకే పది.

ఈ పది నిమిషాలు మన డెల్టాలో ఎంత ఖరీదైనవో చెప్తాను, ఇది వదిలేసే విషయం కాదు.

మొగల్తూరు వైపు ఒక వనామీ రొయ్యల రైతు చెరువుల దగ్గర ఒక లింకు చూశాను. గట్టు మీద షెడ్డు, షెడ్డు మీద పోల్, పోల్‌కి 5 గిగాహెర్ట్జ్ రేడియో. నీళ్లలో గాలి కలిపే ఏరియేటర్లు నడుస్తున్నాయో లేదో, కరెంటు ఉందో లేదో చెప్పే చిన్న కంట్రోలర్, రెండు కెమెరాలు, అన్నీ ఆ లింకు మీదే ఊళ్లో ఇంటికి వెళ్తాయి. పగలంతా బ్రహ్మాండంగా ఉంది. రైతు ఫిర్యాదల్లా ఒకటే: "తెల్లవారుజామున కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం ఫోన్‌కి ఏమీ రాదండి. అలారం వచ్చేసరికి అంతా అయిపోయి ఉంటుంది."

మీకు తెలియనిది కాదు, చెరువులో ఆక్సిజన్ అన్నిటికంటే తగ్గేది తెల్లవారకముందే. రాత్రంతా నాచు ఆక్సిజన్ ఇవ్వదు సరికదా, రొయ్యలతో పాటు అదీ పీల్చుకుంటుంది. ఆ వేళ ఏరియేటర్లు ఆగితే ప్రతి నిమిషం లెక్కే. అక్కడ జరుగుతున్నది ఇది. కరెంటు పోగానే రేడియో కూడా ఆరిపోతోంది. కాపలా మనిషి లేచి జనరేటర్ వేసేసరికి కొన్ని నిమిషాలు. రేడియో బూట్ అవడానికి ఇంకో నిమిషం. ఆ తర్వాత సీఏసీ. చానెల్ ఆటోలో ఉంది, పరికరం తనకి ఖాళీగా కనిపించిన చోటు ఎంచుకుంది. ఆ చోటు 116 నుంచి 128 దాకా ఉన్న 80 మెగాహెర్ట్జ్ ముక్క. ఖాళీగా ఉండక ఏం చేస్తుంది, దాన్ని వాడాలంటే పది నిమిషాలు వినాలి కదా, అందుకే ఎవరూ వాడరు. కరెంటు వచ్చి, లైట్లన్నీ వెలిగి, రేడియో మీద పచ్చ దీపం కూడా వెలిగి, లింకు మాత్రం మరో పది నిమిషాలు మౌనం. పరికరం చెడిపోలేదు. తనకి చెప్పిన పని తు.చ. తప్పకుండా చేస్తోంది. పెట్టిన సెట్టింగే ఆ పనికి తగినది కాదు.

దానికి చేసిన మందు పెద్దదేమీ కాదు. రేడియోకి, కంట్రోలర్‌కి చిన్న బ్యాటరీ బ్యాకప్ పెట్టాం, కరెంటు పోయినా అవి ఆరకుండా. చానెల్ వెడల్పు 80 నుంచి 20కి తగ్గించాం. రెండు కెమెరాలకి, ఒక కంట్రోలర్‌కి 20 మెగాహెర్ట్జ్ ధారాళంగా సరిపోతుంది. చానెల్ డీఎఫ్ఎస్ లేని వైపు స్థిరంగా పెట్టాం. అలారానికి మాత్రం సిమ్ కార్డుతో రెండో దారి ఇచ్చాం. ప్రాణం మీదికొచ్చే సమాచారాన్ని ఒక్క రేడియో లింకు మీద వదిలెయ్యకూడదు, అది ఏ చానెల్ అయినా సరే. ఇన్వర్టర్ ఉన్నచోట ఇంకో సంగతి చూడండి. మెయిన్ నుంచి ఇన్వర్టర్‌కి మారే ఆ క్షణంలో రేడియో రీబూట్ అవుతోందేమో ప్లగ్గు పీకి పరీక్షించండి. కొన్ని ఇన్వర్టర్ల మారుడు లైటు ఆరనంత వేగంగానే ఉన్నా, రేడియోని పడగొట్టడానికి అది చాలు. రీబూట్ అయితే మళ్లీ సీఏసీ మొదలు.

ఇక చానెళ్ల లెక్క. నంబరుని 5తో గుణించి 5000 కలిపితే మధ్య ఫ్రీక్వెన్సీ వస్తుంది. 100 అంటే 5500, 149 అంటే 5745. డీఎఫ్ఎస్ అక్కర్లేనివి 36, 40, 44, 48, పైన 149 నుంచి 165 దాకా ఐదు. మొత్తం తొమ్మిది. డీఎఫ్ఎస్ కావాల్సినవి 52 నుంచి 64 దాకా నాలుగు, 100 నుంచి 144 దాకా పన్నెండు. మొత్తం పదహారు. అందరం డీఎఫ్ఎస్ అంటే భయపడి ఆ తొమ్మిదిలోకే తోసుకుంటున్నాం. అందులోనూ బయట లింకులు వేసేవాళ్లందరూ 149 పైనే. పాలకొల్లు నుంచి నరసాపురం వెళ్లే దారిలో పోల్స్ చూసుకుంటూ వెళ్లండి, ఎన్ని డిష్‌లో. వాటిలో చాలా భాగం అదే పట్టీలో ఒకరి గొంతు మీద ఒకరు అరుస్తున్నాయి. పదహారు చానెళ్లు పక్కన దాదాపు ఖాళీగా ఉన్నాయి. కాబట్టి డీఎఫ్ఎస్ వద్దు అని నేను అనను. ఎక్కడ పెట్టాలో తెలిసి పెట్టండి అంటాను.

వెడల్పు పెంచినకొద్దీ రాడార్‌కి దొరికే అవకాశం కూడా పెరుగుతుంది. 80 మెగాహెర్ట్జ్ పెడితే నాలుగు చానెళ్లు కలిసిపోతాయి. ఆ నాలుగింటిలో ఏ ఒక్కదాంట్లో రాడార్ వినపడినా నలుగురూ ఇల్లు ఖాళీ చెయ్యాల్సిందే. 160 పెడితే 36 నుంచి 64 దాకా లాగేసుకుంటుంది. "నేను 36లోనే పెట్టాను సార్, రాడార్ ఎందుకొచ్చింది" అని అడుగుతారు. పేరుకి 36, సగం మాత్రం 52 పైన ఉంది. బయట లింకుకి 20 లేదా 40 చాలు. ఇంట్లో 80 పెట్టుకోండి. 160 పెట్టాల్సిన అవసరం మన కస్టమర్లలో దాదాపు ఎవరికీ లేదు.

కాలేజీలు, ఆసుపత్రులు, కల్యాణ మండపాలు చేసేవాళ్లకి ఒక మాట. లోపల ఉండే యాక్సెస్ పాయింట్లకి గోడలే సగం రక్ష, అక్కడ డీఎఫ్ఎస్ చానెళ్లు ధైర్యంగా వాడుకోవచ్చు, వాడుకోవాలి కూడా. అయితే పక్కపక్క గదుల్లో అన్నీ డీఎఫ్ఎస్‌లోనే పెట్టకండి. రాడార్ వినపడిన రోజున అన్నీ కలిసి 36లోకి దూకుతాయి, అక్కడ తొక్కిసలాట. ఒకటి డీఎఫ్ఎస్, దాని పక్కది మామూలుది, ఇలా కలిపి వెయ్యండి. ఆటోలో పెట్టినా, ఏ చానెళ్లలోంచి ఎంచుకోవాలో ఆ జాబితా మీరే ఇవ్వండి. 120, 124, 128 తీసెయ్యండి. రాడార్ వస్తే ఎక్కడికి వెళ్లాలో ముందే చెప్పే వీలుంటే చెప్పండి. 30 నిమిషాల తర్వాత పాత చానెల్‌కి తిరిగొచ్చే ఆప్షన్ కొన్నింటిలో ఉంటుంది. పగటిపూట ఆ తిరిగి రావడం కూడా ఇంకో అంతరాయమే, రాత్రికి వాయిదా వేసే వీలుంటే అలా పెట్టండి. కొన్ని ఖరీదైన వాటిలో అదనంగా ఒక రేడియో ఉండి వెనకాల ఇంకో చానెల్ వింటూ సిద్ధంగా ఉంటుంది. దాంతో మారుడు ఎవరికీ తెలియదు. బడ్జెట్ ఉన్నచోట అది అడగండి.

పాత టీవీలు, చవక స్టిక్‌లు, కొన్ని కెమెరాలు డీఎఫ్ఎస్ చానెళ్లు అసలు చూడవు. "ఫోన్‌లో వస్తోంది, టీవీలో పేరే కనపడట్లేదు" అంటే ముందు చానెల్ నంబరు చూడండి.

సరే, ఇంతకీ ఎవరి రాడార్ ఇది? మన దగ్గర అందరూ మొదట అనేది మచిలీపట్నం రాడార్ అని. తుఫాను వస్తోందంటే టీవీలో కనిపించే బొమ్మ దానిదే కాబట్టి అలా అనుకుంటారు. అది కాదండి. వాతావరణ శాఖ వాళ్ల మచిలీపట్నం రాడార్, విశాఖ రాడార్, చెన్నై రాడార్ ఎస్ బ్యాండ్‌వి, 3 గిగాహెర్ట్జ్‌కి లోపు పనిచేస్తాయి. మన 5 గిగాహెర్ట్జ్ రేడియోకి దాని పల్స్ వినపడదు, మన సిగ్నల్ దానికి తగలదు. తీరంలో ఎస్ బ్యాండ్ పెట్టడానికి కారణం ఉంది. కుండపోతలో సీ బ్యాండ్, అంటే మన 5 గిగాహెర్ట్జ్ ఉండే పట్టీ, ఆ తరంగం దారిలోనే బాగా నీరసించిపోతుంది, వాన గోడ వెనకాల ఏముందో సరిగ్గా చూడలేదు. ఎస్ బ్యాండ్ తుఫాను లోపలి దాకా చూస్తుంది. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ మీద పడ్డ తుఫానుని చూసినవాళ్లు ఈ హాల్లో ఉన్నారు. వెయ్యి మందికి పైగా పోయారు, కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. అలాంటి తీరానికి దూరం నుంచే తుఫానుని చూసే కన్ను ఎంత అవసరమో నేను చెప్పక్కర్లేదు. ఆ కన్ను మన వైఫై పట్టీలో లేకపోవడం మన అదృష్టం. యూరప్‌లో చాలా దేశాల వాతావరణ రాడార్లు సీ బ్యాండ్‌వే, అక్కడ వైఫై వల్ల రాడార్ బొమ్మ మీద మధ్య నుంచి అంచు దాకా చీలికల్లాంటి గీతలు పడుతుంటాయి. మన దేశంలో కూడా ఢిల్లీలోని ఒక వాతావరణ రాడార్, జైపూర్ రాడార్ సీ బ్యాండ్‌లోనే ఉన్నాయి.

రెండో అనుమానం కాకినాడ రేవులో ఓడలు. వాణిజ్య ఓడల రాడార్లు 9 గిగాహెర్ట్జ్ పైన ఎక్స్ బ్యాండ్, లేదా 3 గిగాహెర్ట్జ్ దగ్గర ఎస్ బ్యాండ్. వాటినీ పక్కన పెట్టండి. మిగిలింది రక్షణ శాఖ. తూర్పు నౌకాదళ కేంద్రం విశాఖలో ఉంది, ఎదురుగా బంగాళాఖాతం. రక్షణ రాడార్లు 5 గిగాహెర్ట్జ్ ప్రాంతంలో కూడా పనిచేస్తాయి. ఏవి, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఎవరూ చెప్పరు, మనం అడగకూడదు కూడా. అందుకే ఆ బాధ్యత పరికరానికి అప్పగించారు. వినపడితే తప్పుకో, ఎవరని అడక్కు.

అంత దూరం నుంచి వినపడుతుందా అంటే వినపడుతుంది. డెల్టా చదునైన నేల. గుట్ట లేదు, కొండ లేదు. ఉన్న అడ్డల్లా కొబ్బరి చెట్లు. 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ కొబ్బరి ఆకుల్లోంచి వెళ్లలేదు కాబట్టి మనం ఏం చేస్తాం? పోల్ పొడవు పెంచి చెట్ల నెత్తి దాటిస్తాం. 25 మీటర్ల ఎత్తుకి వెళ్తే రేడియో దిగంతం సుమారు 20 కిలోమీటర్లు. అవతలి యాంటెన్నా కూడా అంతే ఎత్తున ఉంటే 40 కిలోమీటర్ల దాకా నేరుగా చూపు. చెట్లు దాటించిన ఆ పోలే సముద్రాన్ని కూడా చూస్తుంది. దీనికి తోడు ఎండాకాలం రాత్రుల్లో, గాలి స్తంభించినప్పుడు, సముద్రం మీద తేమ గాలి పొరలు పొరలుగా ఏర్పడి తరంగాన్ని భూమి వంపు వెంట వంచి తీసుకెళ్తాయి. మామూలుగా వినపడనిది ఆ రాత్రి వినపడుతుంది. పేరుపాలెం, అంతర్వేది వైపు పనిచేసేవాళ్లు వేసవి రాత్రుల లాగ్‌లు ప్రత్యేకంగా చూడండి.

లాగ్ ఎలా ఉంటుందంటే, చాలా పరికరాల లోపల నడిచే సాఫ్ట్‌వేర్ ఒకటే కాబట్టి లైను కూడా దాదాపు ఒకేలా ఉంటుంది. "డీఎఫ్ఎస్ రాడార్ డిటెక్టెడ్, ఫ్రీక్వెన్సీ 5500" అని ఉంటుంది. కింద "న్యూ చానెల్" అని కొత్త నంబరు. అరగంట తర్వాత "ఎన్ఓపీ ఫినిష్డ్", అంటే దూరంగా ఉండాల్సిన గడువు ముగిసింది. ఈ మూడు లైన్లు దొరికితే ఆ రాత్రి కథ మొత్తం దొరికినట్టే. కాకపోతే టైము చూసుకోండి. చాలా రేడియోలకి గడియారం బ్యాటరీ ఉండదు, కరెంటు పోయి రాగానే లాగ్‌లో 1970 జనవరి 1 అని పడుతుంది. ఆ లాగ్‌తో ఏమీ తేల్చలేం. ఇంటర్నెట్ నుంచి టైము తెచ్చుకునే ఎన్‌టీపీ ఆన్ చేసి, టైమ్ జోన్ మనది పెట్టి, లాగ్‌ని బయట ఒక సర్వర్‌కి పంపండి. బిగించే రోజున ఐదు నిమిషాల పని అది.

వినపడిందల్లా నిజం రాడార్ కాదు. పరికరం పొరపడొచ్చు. ఒకే పోల్ మీద రెండు రేడియోలు జానెడు దూరంలో బిగిస్తే పక్కదాని సిగ్నల్ దీన్ని చెవుడు చేసి, ఆ ముక్కలు రాడార్ పల్స్‌లా కనపడతాయి. తేడా పట్టడానికి ఒక పద్ధతి ఉంది. ఒక్క రేడియో మాత్రమే, రోజుకో చానెల్‌లో, ఎప్పుడు పడితే అప్పుడు రాడార్ అంటోందా? పక్క పోల్ మీదది ఏమీ అనడం లేదా? అయితే అనుమానం మీ బిగింపు మీద. రేడియోల మధ్య దూరం పెంచండి, పవర్ తగ్గించండి, ఫర్మ్‌వేర్ కొత్తది వెయ్యండి. అలా కాకుండా కాళ్ల ఊళ్లో ఒకటి, నరసాపురంలో ఒకటి, యలమంచిలిలో ఒకటి, మూడూ ఒకే ఫ్రీక్వెన్సీలో ఒకే నిమిషంలో రాడార్ అన్నాయంటే అది నిజం. ఆ ఫ్రీక్వెన్సీని మీ జాబితాలోంచి తీసెయ్యండి. ఇది తేలాలంటే ఒకరి లాగ్ సరిపోదు. ఇక్కడ ఒకరికొకరు పోటీ అని నాకు తెలుసు. అయినా తేదీ, టైము, చానెల్, డిష్ ఎటు చూస్తోంది, ఈ నాలుగూ రాసే పుస్తకం ఒకటి అందరికీ కలిపి పెట్టుకోండి. ఒక వేసవి గడిచేసరికి డెల్టాలో ఏ చానెల్ ఎక్కడ నమ్మదగ్గదో మీ చేతిలో ఉంటుంది. అలాంటి సమాచారం ఏ కంపెనీ ఇవ్వదు.

ఇప్పుడు కొంచెం గట్టిగా మాట్లాడాల్సిన విషయం. దేశం సెట్టింగ్ మార్చేసి, లేదా టెస్ట్ మోడ్‌లో పెట్టి, డీఎఫ్ఎస్‌ని పనిచెయ్యకుండా చేసేవాళ్లున్నారు. ఇంకో ఉపాయం కూడా వింటున్నాను. రెండు చివర్ల లింకులో రాడార్ వినే బాధ్యత ఎక్కువగా మాస్టర్‌ది, అంటే చానెల్ నిర్ణయించే రేడియోది కాబట్టి, మాస్టర్‌ని సముద్రం వైపు గట్టు మీద పెట్టి ఊరి వైపు తిప్పుతారట. దాని మొహం ఊరి వైపు, అందుకని రాడార్ వినపడదు. కానీ ఊళ్లో ఉన్న రెండో చివర డిష్ ఎటు చూస్తోంది? నేరుగా సముద్రం వైపే కదా. దాని సిగ్నల్ అంతా రాడార్ మొహాన కొడుతోంది. చెవులు మూసి నోరు తెరిచి పెట్టినట్టయింది. ఇది ఎవరైనా కావాలని చేస్తే నేను ఒప్పుకోను.

దీని ఫలితం ఎలా ఉంటుందో అమెరికా ఏలుబడిలోని ప్యూర్టోరికో దీవిలో చూశారు. అమెరికాలో విమానాశ్రయాల దగ్గర టీడీడబ్ల్యూఆర్ అనే వాతావరణ రాడార్లుంటాయి, 5600 నుంచి 5650లో. రన్‌వే దగ్గర ఒక్కసారిగా కిందికి విరుచుకుపడే గాలిని పట్టుకోవడం వాటి పని. అలాంటి గాలి వల్లే 1985 ఆగస్టులో డల్లాస్‌లో ఒక విమానం దిగుతూ కూలిపోయింది. 2009లో ప్యూర్టోరికో రాజధాని శాన్ హువాన్ రాడార్ బొమ్మ మీద అడ్డగీతలు కనపడ్డాయి. అక్కడి విమానయాన, కమ్యూనికేషన్ శాఖలు కలిసి వెతికితే తేలింది ఏమిటంటే, కారణం వేలాది ఇళ్ల వైఫై కాదు. ఎత్తైన చోట్ల, రాడార్‌కి నేరుగా కనపడేలా పెట్టిన కొద్దిపాటి బయటి లింకులు. ఇంటర్నెట్ ఇచ్చే చిన్న సంస్థలవి. అంటే మనలాంటివాళ్లవి. ఆ తర్వాత జరిమానాలు కూడా పడ్డాయి. ఒక్క పోల్ చాలు అన్నది అక్కడ తేలిన సంగతి.

దేశం కోడ్ ఇండియా పెట్టండి. అది పెట్టాక పరికరం ఏ చానెల్‌లో ఎంత పవర్ ఇస్తే అంతే. రెండు కిలోమీటర్ల లింకుకి పవర్ పూర్తిగా పెంచాల్సిన పని లేదు. మంచి డిష్ వేసి, గురి సరిగ్గా కుదిర్చి, పవర్ తగ్గించండి. పక్కవాడికీ మేలు, మీకూ మేలు.

ఇక అడగండి.

ప్రశ్న: గురువుగారూ, మీరు చెప్పింది బాగానే ఉంది. పక్కవాడు డీఎఫ్ఎస్ ఆపేసుకుని లింకు వేస్తాడు, వాడిది పడదు. నాది పడుతుంది. కస్టమర్ వాడి దగ్గరికి పోతాడు. నేనేం చెయ్యాలి?

జవాబు: మీ బాధ నాకు అర్థమైందండి, ఇది నిజమైన ఇబ్బందే. కానీ వాడితో పోటీ పడటానికి డీఎఫ్ఎస్ ఆపక్కర్లేదు. మీ లింకు డీఎఫ్ఎస్ చానెల్‌లోనే ఉండాలని ఎవరన్నారు? రాడార్ వినపడే చోట 36 నుంచి 48, 149 నుంచి 165 వాడండి, వెడల్పు 20కి తగ్గించండి. అక్కడ రద్దీ ఉంటే డిష్ పెద్దది వెయ్యండి, పక్కల నుంచి వచ్చే సిగ్నల్ తగ్గుతుంది. అవి కూడా కుదరకపోతే 52 నుంచి 64 ప్రయత్నించండి, సీఏసీ ఒక్క నిమిషమే. వేసిన రోజున కస్టమర్‌కి ఒక మాట ముందే చెప్పండి: అప్పుడప్పుడు కాసేపు ఆగి మళ్లీ వస్తుంది, కంగారుపడొద్దని. చెప్పి ఆగితే సర్దుకుంటారు, చెప్పకుండా ఆగితేనే టెన్షన్. పక్కవాడి సంగతంటారా, వాడి మీద ఫిర్యాదు వచ్చిన రోజున అధికారులు వెతుక్కుంటూ వచ్చేది వాడి పోల్ దగ్గరికే. ఆ జాబితాలో మీ పోల్ ఉండకూడదు.

ప్రశ్న: సార్, హాస్టల్లో పిల్లలు ఒక బ్లాకు నుంచి ఇంకో బ్లాకుకి నడుస్తుంటే వీడియో కాల్ తెగిపోతోందంటున్నారు. అన్నీ 100 పైన పెట్టాను. రాడారేనా?

జవాబు: లాగ్‌లో రాడార్ లైను ఉందా తమ్ముడూ? లేదా? అయితే రాడార్ కాదు. డీఎఫ్ఎస్ చానెల్‌లో ఫోన్ తనంతట తాను "ఎవరైనా ఉన్నారా" అని కేకెయ్యకూడదు. యాక్సెస్ పాయింట్ బీకన్ వచ్చేదాకా ఊరుకుని వినాలి, అది సెకనుకి పదిసార్లు వస్తుంది. అన్ని చానెళ్లూ అలా ఒక్కోటీ వింటూ పోతే తర్వాతి యాక్సెస్ పాయింట్ దొరికేసరికి ఆలస్యం అవుతుంది. వరండాల్లో, మెట్ల దగ్గర, నడిచే దారిలో ఉన్నవాటిని 36 వైపుకి మార్చి, గదుల్లోవి డీఎఫ్ఎస్‌లో ఉంచి చూడు. పక్కన ఏయే చానెళ్లు ఉన్నాయో ఫోన్‌కి చెప్పే 802.11కె ఆప్షన్ కూడా ఉంటుంది, అదీ ఆన్ చెయ్యి.

ప్రశ్న: తుఫాను రోజున అన్ని లింకులూ పడిపోతాయి కదండీ. ఆ రోజు రాడార్లు ఎక్కువ పనిచేస్తాయి కాబట్టేనా?

జవాబు: కాదండి. ఇందాక చెప్పినట్టు తుఫానుని చూసే మచిలీపట్నం రాడార్ మన పట్టీలో లేదు. వాన వల్ల కూడా 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద నష్టం ఉండదు, ఒకటి రెండు కిలోమీటర్ల లింకు జోరువానలో కూడా నిలబడాలి. ఆ రోజు పడేవి రెండు కారణాల వల్ల. ఒకటి కరెంటు. రెండోది గాలి. పోల్ ఊగితే డిష్ గురి తప్పుతుంది, తడిసిన కొబ్బరి మట్టలు గాలికి దారిలోకి వంగుతాయి. లాగ్‌లో సిగ్నల్ మెల్లమెల్లగా మైనస్ 60 నుంచి 70కి, 80కి దిగుతూ పడిపోయి ఉంటే అది గాలి పని. సిగ్నల్ బాగుండగా ఉన్నట్టుండి తెగి, చానెల్ నంబరు మారి ఉంటే అది డీఎఫ్ఎస్. మొదటిదైతే లాగ్ మూసేసి పోల్‌ని ఊగకుండా పట్టుకునే గైవైర్లు బిగించండి, అక్టోబరు రాకముందే.